సైలెన్సర్ నుంచి కుళ్లిన కోడిగుడ్డు వాసన: కన్వర్టర్‌కి డబ్బు కట్టే ముందు ఇవి చూడండి

మీరు రాసింది మొత్తం చదివానండి. 2016 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 78 వేల కిలోమీటర్లు తిరిగింది. రోజూ నిజాంపేట నుంచి గచ్చిబౌలి ఆఫీసుకు వెళ్లొస్తారు. ఊళ్లో తిరిగినప్పుడు పెద్దగా ఏమీ తెలియదు కానీ, ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద కాసేపు వేగంగా వెళ్లి ఎగ్జిట్ దగ్గర టోల్ గేటుకి ఆగగానే కుళ్లిన కోడిగుడ్డు వాసన గుప్పుమంటోంది. మైలేజీ పదహారు నుంచి పదమూడుకి పడింది. చెక్ ఇంజిన్ లైట్ వెలగలేదు. పోయిన ఎండాకాలం బండి హీటెక్కితే ఇంటి దగ్గర షెడ్డులో బాగు చేయించారు. ఇప్పుడు ఇంకో మెకానిక్ వాసన చూసి క్యాటలిటిక్ కన్వర్టర్ (సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే డబ్బా) పోయింది, 38 వేలు అవుతుంది అన్నాడు. మార్పించాలా అని అడిగారు.

ఇప్పుడే మార్పించకండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే కన్వర్టర్ ఇంకా పని చేస్తోంది, దానిలోకి వెళ్తున్న పొగే సరిగ్గా లేదు. ఇంజిన్ కావాల్సిన దానికంటే ఎక్కువ పెట్రోల్ తాగుతోంది, మా భాషలో చెప్పాలంటే రిచ్‌గా నడుస్తోంది. అది ఎందుకో తేల్చకుండా కొత్త కన్వర్టర్ బిగిస్తే వాసన ఆగకపోవచ్చు, పైగా ఆ పొగే కొత్తదాన్ని కూడా కొన్నాళ్లకు పాడు చేస్తుంది. మా షెడ్డుకు వచ్చే వాసన కేసుల్లో కన్వర్టర్ అప్పటికే మార్చి వచ్చినవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఆ డబ్బులో పదో వంతు కూడా కాని రిపేరుకి అంత ఖర్చు పెట్టి ఉంటారు.

అసలు ఆ వాసన ఎలా పుడుతుందో తెలిస్తే మిగతాదంతా మీకే అర్థమవుతుంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు వాసన. పెట్రోల్లో కొద్దిగా గంధకం ఉంటుంది. ఇంజిన్‌లో అది కాలి సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది. దాని వాసన అప్పుడే గీసిన అగ్గిపుల్ల వాసనలా ఘాటుగా ఉంటుంది తప్ప కోడిగుడ్డు వాసన కాదు. కన్వర్టర్ లోపల తేనెపట్టు లాంటి పింగాణీ ముక్క ఉంటుంది, దాని గోడల మీద అల్యూమినా, సీరియా అనే ఆక్సైడ్‌ల పూత, ఆ పూతలో ప్లాటినం, పలాడియం, రోడియం రేణువులు ఉంటాయి. పొగలో ఆక్సిజన్ మిగిలి ఉన్నప్పుడు ఆ పూత గంధకాన్ని సల్ఫేట్ రూపంలో పట్టి దాచుకుంటుంది. తర్వాత పెట్రోల్ ఎక్కువై ఆక్సిజన్ తక్కువైన పొగ వచ్చి, ఆ సమయానికి కన్వర్టర్ బాగా కాగి ఉంటే, అప్పటిదాకా దాచుకున్న గంధకం హైడ్రోజన్‌తో కలిసి ఒక్కసారిగా బయటికి వస్తుంది.

ఇప్పుడు మీ ఓఆర్‌ఆర్ ప్రయాణం చూడండి. వేగంగా వెళ్తూ ఎగ్జిట్ ముందు యాక్సిలరేటర్ వదిలేస్తే ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) పెట్రోల్ ఆపేస్తుంది, ఆ కాసేపు కన్వర్టర్‌లోకి వట్టి గాలి వెళ్తుంది. టోల్ గేటు దగ్గర ఆగేసరికి కన్వర్టర్ మంచి వేడి మీద ఉంటుంది. అప్పుడు ఐడిలింగ్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ మాత్రం నడుస్తున్నప్పుడు, రిచ్ పొగ తగిలితే వాసన అక్కడే రావాలి. బండి కదులుతున్నప్పుడు వెనక్కి కొట్టుకుపోయే పొగ ఆగినప్పుడు మీ చుట్టూనే ఉంటుంది కాబట్టి ముక్కుకి అందుతుంది. ఇంకో సంగతి. కన్వర్టర్ పూర్తిగా చచ్చిపోతే ఈ మార్పిడే సరిగ్గా జరగదు. అలాంటి బండి వెనక నిలబడితే పచ్చి పెట్రోల్ వాసన వచ్చి కళ్లు మండుతాయి. మీకు కోడిగుడ్డు వాసన వస్తోందంటే లోపల రసాయన చర్య ఇంకా నడుస్తోందనే అర్థం.

ఈ వాసనని మామూలే అని వదిలేయొద్దు అనడానికి కూడా కారణం ఉంది. హైదరాబాద్‌లో 2010కి ముందు అమ్మిన పెట్రోల్లో గంధకం 150 పీపీఎం (పది లక్షల వంతుల్లో 150 వంతులు) వరకు ఉండేది. బీఎస్-4 (భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణాల్లో నాలుగోది) వచ్చాక 50కి తగ్గింది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6, అంటే 10 పీపీఎం. లీటరుకు ఏడు మిల్లీగ్రాములు అనుకోండి. మీ ట్యాంకు నిండా పోయించినా అందులో ఉండే గంధకం పావు గ్రాము. 150 పీపీఎం రోజుల్లో ఏ లోపమూ లేని బండి కూడా అప్పుడప్పుడూ కంపు కొట్టేది, మేమూ పట్టించుకునేవాళ్లం కాదు. ఇవాళ్టి పెట్రోల్‌తో నెలల తరబడి వాసన వస్తోందంటే ఇంజిన్ వైపు ఏదో ఉంది. కొత్త బండికి మొదటి కొన్ని వేల కిలోమీటర్లలో కొంచెం వాసన రావడం, తర్వాత దానంతటదే తగ్గిపోవడం మాత్రం వేరే లెక్క. మీది ఆ వయసు బండి కాదు.

ముందుగా వాసన సైలెన్సర్ నుంచే వస్తోందా అన్నది తేల్చుకోండి. మన ఊళ్లో ఇది తప్పక చూడాలి. మూసారాంబాగ్, చాదర్‌ఘాట్, నాగోల్ దగ్గర మూసీ దాటేటప్పుడు, హుస్సేన్‌సాగర్ పక్కన కొన్ని చోట్ల, వానాకాలం పొంగిన నాలాల దగ్గర గాలిలో ఉండేది కూడా ఇదే హైడ్రోజన్ సల్ఫైడ్. ఏసీ బయటి గాలి లాక్కునే మోడ్‌లో ఉంటే లోపలికి వచ్చి పావుగంట దాకా పోదు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో డ్రైనేజీ గుంత పక్కన పార్కింగ్ ఉన్నవాళ్లు కూడా పొద్దున్నే బండిని అనుమానిస్తారు. వాసన ఒకే చోట వస్తుంటే ఆ చోటుది, ఏ ఎగ్జిట్‌లో దిగినా వస్తుంటే మీ బండిది. మీరు శంషాబాద్ వైపు వెళ్లినప్పుడు, పటాన్‌చెరు వైపు వెళ్లినప్పుడు రెండింట్లోనూ వచ్చిందని రాశారు కాబట్టి నేను బండిదే అనుకుంటున్నాను. అయినా ఒకసారి ఏసీని రీసర్క్యులేషన్‌లో పెట్టి, టోల్ దాటాక పక్కన ఆపి, దిగి వెనక్కి వెళ్లి చూడండి. సైలెన్సర్‌కి ముఖం ఆనించనక్కర్లేదు, రెండడుగుల దూరం నుంచి చేత్తో గాలి విసురుకుంటే చాలు, తెలిసిపోతుంది.

ఆ తర్వాత బానెట్ ఎత్తి అక్కడా వాసన చూడండి. బానెట్ దగ్గరే ఎక్కువగా ఉంటే బ్యాటరీని అనుమానించాలి, అది సైలెన్సర్ కంటే ప్రమాదం. ఆల్టర్నేటర్‌లో రెగ్యులేటర్ పాడై బ్యాటరీకి చార్జింగ్ ఎక్కువ వెళ్తే లోపలి సల్ఫ్యూరిక్ యాసిడ్ మరిగినట్టయి ఇదే వాసన వస్తుంది. ఇంజిన్ నడుస్తుండగా మల్టీమీటర్‌తో బ్యాటరీ టెర్మినళ్ల మీద వోల్టేజి చూడండి. పదమూడున్నర నుంచి పద్నాలుగున్నర మధ్య, కొన్ని బండ్లలో కాస్త అటూ ఇటూ ఉంటే ఫర్వాలేదు. పదిహేను దాటి అక్కడే నిలిచిపోతే రెగ్యులేటర్ పోయింది. బ్యాటరీ పక్కలు ఉబ్బి, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఇంజిన్ ఆపేసి దూరం జరగండి. అప్పుడు టెర్మినల్ ఊడదీయడం, జంపర్ కేబుల్ పెట్టడం లాంటివి చేయకూడదు. ఆ బ్యాటరీ హైడ్రోజన్ కూడా వదులుతుంటుంది, చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. చల్లారనిచ్చి ఎలక్ట్రీషియన్‌ని అక్కడికే పిలిపించండి.

మీది సీఎన్‌జీ అని రాయలేదు. ఈ సమాధానం చదివే సీఎన్‌జీ, ఎల్పీజీ బండ్లవాళ్ల కోసం చెబుతున్నాను. లీకైతే తెలియాలని ఆ గ్యాసులో మెర్కాప్టాన్ అనే గంధక పదార్థం కలుపుతారు, దాని వాసన కూడా ఇంచుమించు ఇలాగే కుళ్లు వాసన. ఇంజిన్ ఆపి ఉన్నా, రాత్రంతా పార్కింగ్‌లో ఉన్నా వాసన వస్తోందంటే అది లీకు. స్విచ్చులు ముట్టుకోకుండా తలుపులన్నీ తెరిచి, సిలిండర్ వాల్వ్ మూసి, బండిని సెల్లార్‌లో ఉంటే బయటికి తోయించండి. స్టార్ట్ చేసి తీసుకెళ్లొద్దు.

బండి కింద గేర్‌బాక్స్ ఆయిల్ కారి వేడి పైపు మీద పడినా గంధకం కంపు కొడుతుంది, ఆ ఆయిల్‌లో గంధకంతో చేసిన పదార్థాలు కలుపుతారు. పార్కింగ్‌లో నేల మీద మరక చూస్తే అది తేలిపోతుంది.

ఇవేవీ కాదనుకున్నాక అసలు పని మొదలవుతుంది. మీ బండి స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్ (ఈసీయూలోని సమాచారం చదవడానికి రీడర్ తగిలించే చోటు) ఉంటుంది. బ్లూటూత్ రీడర్ ఒకటి కొనుక్కోండి, మామూలువి వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతాయి, ఫోన్‌లో ఉచిత యాప్ వేసుకుంటే సరిపోతుంది. లేదంటే స్కానర్ ఉన్న షెడ్డుకి వెళ్లండి. అయితే స్కానర్ పెట్టి "కోడ్ ఏమీ లేదు" అని తీసేస్తే ఒప్పుకోకండి, లైవ్ డేటా చూపించమనండి. లైట్ వెలగాలంటే లోపం ఒక హద్దు దాటాలి, వరసగా రెండు మూడు ప్రయాణాల్లో కనపడాలి. ఆ హద్దు లోపలే ఉండి మైలేజీ తినేసే లోపాలు చాలా ఉంటాయి. పెండింగ్ కోడ్‌లు కూడా చూడమనండి. పి0172 ఉంటే రిచ్, పి0128 ఉంటే ఇంజిన్ తగినంత వేడెక్కడం లేదు, పి0300 నుంచి పి0304 దాకా ఉంటే మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా మండకపోవడం), పి0420 ఉంటే కన్వర్టర్ మీద ఫిర్యాదు.

మీ విషయంలో నేను మొదట చూసేది కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్లు) టెంపరేచర్. ఎందుకంటే పోయిన ఎండాకాలం బండి హీటెక్కి షెడ్డుకు వెళ్లిందన్నారు, మైలేజీ ఎప్పటి నుంచి పడిందో గుర్తు చేసుకోండి, దాదాపు ఆ తర్వాతే అయి ఉంటుంది. మన దగ్గర చాలా షెడ్లలో ఒక అలవాటు ఉంది. బండి హీటెక్కిందంటే థర్మోస్టాట్ వాల్వ్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లు రేడియేటర్‌లోకి పోకుండా ఆపేది) ఊడదీసి పక్కన పడేస్తారు. "మన ఎండలకు ఇది అక్కర్లేదు సార్" అంటారు. హీటింగ్ ఆగిపోతుంది, కస్టమర్ సంతోషంగా వెళ్తాడు. ఇది చాలా తప్పు పని. ఆ వాల్వ్ లేకపోతే నీళ్లు ఎప్పుడూ రేడియేటర్‌లోనే తిరుగుతాయి, వేగంగా వెళ్తున్నప్పుడు ఎదురుగాలికి ఇంజిన్ మరీ చల్లబడిపోతుంది. ఈసీయూ దాన్ని ఇంకా వేడెక్కని ఇంజిన్‌గా లెక్కేస్తుంది. పొగలో ఆక్సిజన్ ఎంత ఉందో చూసే ఆక్సిజన్ సెన్సర్ కొంత సరిదిద్దుతుంది కానీ, మీరు యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ పోసే అదనపు పెట్రోల్ చల్లటి ఇంజిన్ లెక్కలోనే పడుతుంది. ఓఆర్‌ఆర్ మీద తర్వాతే వాసన రావడానికి ఇది కూడా సరిగ్గా సరిపోతుంది.

చూసే పద్ధతి ఇది. పొద్దున్నే, బండి రాత్రంతా ఆగి ఉన్నప్పుడు, స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేసి రీడర్‌లో కూలెంట్ టెంపరేచర్, ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్ రెండూ చూడండి. రెండూ ఒకటి రెండు డిగ్రీల తేడాలో, ఆ పూట బయట ఉన్న వేడికి దగ్గరగా ఉండాలి. గాలి 28 చూపిస్తూ కూలెంట్ 5 చూపిస్తే సెన్సర్ అబద్ధం చెబుతోంది, మైనస్ 40 చూపిస్తే దాని వైరు ఊడింది. తర్వాత ట్రాఫిక్‌లో నడపండి, చాలా బండ్లలో 80 నుంచి 95 మధ్యకు చేరాలి. ఆ తర్వాత ఓఆర్‌ఆర్ ఎక్కి ఒకే వేగంతో పది నిమిషాలు వెళ్లండి, పక్క సీట్లో ఎవరినైనా కూర్చోబెట్టి ఫోన్ చూడమనండి, మీరు చూడొద్దు. అంకె దిగజారి అరవైల్లోకి వచ్చి, కిందికి దిగి సిగ్నల్ దగ్గర ఆగితే మళ్లీ పైకి ఎక్కుతోందంటే థర్మోస్టాట్ తీసేశారు, లేదా అది తెరుచుకునే ఇరుక్కుపోయింది. కొత్తది వేయించండి, ఖర్చు కన్వర్టర్ ముందు లెక్కలోకే రాదు. వేయించేటప్పుడు మీరే దగ్గరుండండి. హౌసింగ్ విప్పగానే లోపల మధ్యలో స్ప్రింగ్ ఉన్న ఇత్తడి రంగు వాల్వ్ కనపడాలి. ఖాళీ రంధ్రం కనపడితే మనకు సమాధానం దొరికినట్టే. ఇంకొక్కటి, మొదట్లో బండి ఎందుకు హీటెక్కిందో ఆ కారణం కూడా వెతికించుకోవాలి, రేడియేటర్ ఫ్యానో, మూత రబ్బరో, లోపల పాచి పట్టడమో. లేకపోతే వచ్చే ఏప్రిల్‌లో మళ్లీ అదే కథ.

టెంపరేచర్ సరిగ్గా ఉంటే ఫ్యూయల్ ట్రిమ్ చూడాలి. ఇందులో షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ అని రెండు ఉంటాయి. ఈసీయూ తన లెక్క కంటే పెట్రోల్ ఎంత పెంచుతోందో, ఎంత తగ్గిస్తోందో శాతాల్లో చెబుతుంది. రెండూ కలిపి అయిదు శాతం లోపు అటూ ఇటూ ఆడుతుంటే మంచిది, పది దాటితే వెతకాలి. మైనస్ ఉంటే ఎక్కడి నుంచో పెట్రోల్ అదనంగా వస్తోంది, ఈసీయూ కోత పెడుతోంది. ప్లస్ ఉంటే ఇంజిన్‌కి పెట్రోల్ చాలడం లేదని అది నమ్ముతోంది. ఈ రోజుల్లో ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ వాడుతున్నాం కదా, ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత లెక్కతో ట్యూన్ చేసిన మీలాంటి బండిలో మూడు నాలుగు శాతం ప్లస్ కనపడటం సహజం. దాన్ని చూసి కంగారు పడొద్దు.

ఇక్కడ చాలామంది మెకానిక్‌లు పొరబడే చోటు ఒకటి ఉంది, కొంచెం నిదానంగా చదవండి. వాసన రిచ్ అంటోంది, ప్లగ్గులు విప్పితే నల్లగా పొడి మసి పట్టి ఉన్నాయి, కానీ ట్రిమ్ ప్లస్ పదిహేను చూపిస్తోంది అనుకుందాం. పైకి రెండూ పొసగవు. అలాంటప్పుడు ఈసీయూ చేత పెట్రోల్ పోయిస్తున్నది కన్వర్టర్‌కి ముందు ఉండే ఆక్సిజన్ సెన్సర్. అది నిజంగా ముసలిదై ఉండొచ్చు. లేదా సెన్సర్‌కి ముందు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగ బయటికి వచ్చే మొదటి గొట్టాలు) గ్యాస్కెట్ దగ్గర సన్నటి పగులు ఉండొచ్చు. పొగ అలలుగా వెళ్తుంటుంది, రెండు అలల మధ్య ఆ పగుల్లోంచి బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. సెన్సర్‌కి ఆక్సిజన్ తగిలి "పెట్రోల్ చాలట్లేదు" అంటుంది, ఈసీయూ నమ్మి ఇంకా పోస్తుంది. మానిఫోల్డ్ లీకుని పొద్దున్న చల్లటి ఇంజిన్‌తో పట్టుకోవాలి. స్టార్ట్ చేయగానే మొదటి నిమిషంలో టిక్ టిక్ మని శబ్దం వస్తుంది, ఇనుము వేడెక్కి వ్యాకోచించాక ఆగిపోతుంది. గ్యాస్కెట్ చుట్టూ నల్లటి చారలు కూడా కనపడతాయి. ఇది దొరికితే సెన్సర్ మార్చాల్సిన పని కూడా ఉండదు.

సెన్సర్‌ని పరీక్షించాలంటే దాని వోల్టేజి చూడాలి. మీ కాలం నాటి చాలా బండ్లలో ముందు సెన్సర్ వేడెక్కాక 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య గబగబా పైకీ కిందికీ ఆడుతుండాలి. మెల్లగా, బద్ధకంగా కదులుతున్నా, కింద 0.2 దగ్గరే పడి ఉండి ఒక్కసారి గట్టిగా రేస్ చేసినా పైకి లేవకపోయినా దాని పని అయిపోయింది. కొన్ని మోడళ్లలో వైడ్‌బ్యాండ్ సెన్సర్ ఉంటుంది, దానికి ఈ అంకెలు వర్తించవు, మాన్యువల్ చూసుకోవాలి. కొనేటప్పుడు రాణిగంజ్‌లో గానీ పుత్లీబౌలిలో గానీ డబ్బా మీద పేరు చూసి మోసపోకండి. ఆక్సిజన్ సెన్సర్లలో నకిలీలు బాగా తిరుగుతున్నాయి, నకిలీ పెడితే మళ్లీ ఇదే వాసన దగ్గరికి వస్తారు. పార్ట్ నంబర్ పాతదానితో సరిపోల్చి, బిల్లు ఇచ్చే డీలర్ దగ్గరే తీసుకోండి.

ట్రిమ్ మైనస్‌లో ఉంటే వెతికే దారి వేరు. ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి, నిజాంపేట, బాచుపల్లి వైపు కట్టడాల దుమ్ముకి కంపెనీ చెప్పిన కిలోమీటర్ల దాకా అది నిలవదు. తర్వాత పర్జ్ వాల్వ్. ట్యాంకులోని పెట్రోల్ ఆవిరిని ఇంజిన్‌కి పంపే చిన్న వాల్వ్ అది. ఇంజిన్ చల్లగా ఉండి ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు క్యానిస్టర్ (ఆ ఆవిరిని పట్టి ఉంచే డబ్బా) వైపు నుంచి వచ్చే గొట్టాన్ని వాల్వ్ దగ్గర ఊడదీసి, వాల్వ్ మూతి మీద వేలు పెట్టండి. ఏ పీల్పూ ఉండకూడదు. వేలు లాక్కుంటుంటే వాల్వ్ మూసుకోవడం లేదు. ట్యాంకు ఫుల్ చేయించిన రోజు స్టార్టింగ్ ఇబ్బంది పెట్టే బండ్లలో తరచుగా దొరికేది ఇదే. ఆ పక్కనే ఇంజిన్ ఆయిల్ డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. ఆయిల్ పల్చబడి పెట్రోల్ వాసన కొడుతూ, మట్టం ఉండాల్సిన దానికంటే పైకి వచ్చిందంటే ఏదో ఇంజెక్టర్ కారుతోంది. అప్పుడు ఆయిల్ కూడా మార్చాలి, ఆ ఆయిల్‌తో బండి నడిపితే బేరింగులు దెబ్బతింటాయి.

ప్లగ్గులు, కాయిల్స్ సంగతి అందరికీ తెలిసిందే, ఇంజిన్ మిస్సింగ్ ఉంటే ముందు అవి మార్చాలి. ఇందులో ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. బండి కుదుపుతూ చెక్ ఇంజిన్ లైట్ మిణుకు మిణుకు మంటుంటే అలాగే లాగించుకుంటూ ఇంటికి రాకండి. కాలని పెట్రోల్ వెళ్లి కన్వర్టర్‌లో మండుతుంది, లోపలి పింగాణీ కరిగి ముద్దవుతుంది. అలాంటి బండిని ఎండుగడ్డి మీద ఆపితే కిందికి నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది.

పెట్రోల్ బంకు విషయం కూడా అడిగారు. రెండు ఫుల్ ట్యాంకులు వేరే బంకులో కొట్టించి చూడండి, ఖర్చు లేని పరీక్ష. కిరోసిన్ లాంటివి కలిపిన పెట్రోల్‌లో గంధకం ఎక్కువ ఉంటుంది. బంకులో ఫిల్టర్ పేపర్ అడిగితే ఇవ్వాలి, నాజిల్ నుంచి ఒక్క చుక్క దాని మీద వేస్తే రెండు నిమిషాల్లో ఆరిపోయి మరక మిగలకూడదు. డెన్సిటీ చూపించమని అడిగే హక్కు కూడా మీకు ఉంది, వాళ్ల రిజిస్టర్‌లో ఉన్న అంకెకు మూడు యూనిట్లు మించి తేడా రాకూడదు. అయితే మీ మైలేజీ నెలల నుంచి పడిపోయి ఉంది కాబట్టి నేను బంకు మీదికి ఎక్కువ నెట్టను.

ఇప్పుడు కన్వర్టర్. దాన్ని పరీక్షించడానికి మన చేతిలో ఉన్న మంచి సాధనం పొల్యూషన్ సర్టిఫికెట్ వ్యాన్, కానీ ఆ కోణంలో దాన్ని ఎవరూ వాడుకోరు. బీఎస్-4 పెట్రోల్ కార్లకు ఐడిలింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్ 200 పీపీఎం దాటకూడదు. 2500 ఆర్‌పీఎం దగ్గర కార్బన్ మోనాక్సైడ్ 0.2 దాటకూడదు, లాంబ్డా (గాలి, పెట్రోల్ పాళ్లు చెప్పే అంకె, సరిగ్గా ఉంటే ఒకటి) 0.97 నుంచి 1.03 మధ్య ఉండాలి. ఇంజిన్ బాగా వేడెక్కాక వెళ్లి, గొట్టాన్ని సైలెన్సర్ లోపలికి పూర్తిగా పెట్టించి, స్క్రీన్ మీద వచ్చే అంకెలు ఫోటో తీసుకోండి. మధ్యలో సైలెన్సర్ పైపు ఎక్కడా లీకు లేకపోతే లాంబ్డా మిశ్రమం ఎలా ఉందో చెబుతుంది, కన్వర్టర్ బాగున్నా లేకపోయినా ఆ అంకె పెద్దగా మారదు. లాంబ్డా 0.97 కంటే తక్కువ ఉంటే తప్పు ఇంజిన్ వైపు. లాంబ్డా సరిగ్గా ఒకటి దగ్గర ఉండి కూడా కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్ రెండూ ఎక్కువ ఉంటే అప్పుడు కన్వర్టర్ శుభ్రం చేయడం లేదు.

స్కానర్‌లో కూడా చూడొచ్చు. కన్వర్టర్ వెనక ఉండే ఆక్సిజన్ సెన్సర్ 0.6, 0.7 వోల్టుల దగ్గర నిలకడగా ఉంటే కన్వర్టర్ ఆరోగ్యంగా ఉంది. ముందు సెన్సర్‌తో పాటే అదీ పైకీ కిందికీ ఎగురుతుంటే కన్వర్టర్‌కి ఆక్సిజన్ పట్టి ఉంచే శక్తి పోయింది. బండి చల్లారాక కింద నుంచి రబ్బరు సుత్తితో మెల్లగా తట్టి చూడండి, లోపల గలగల మంటే పింగాణీ విరిగింది. బండి పికప్ బాగా పడిపోయి, ఎంత తొక్కినా వేగం ఎక్కకపోతే విరిగిన ముక్కలు దారి మూసేసినట్టు.

ఈ పరీక్షల్లో ఓడిపోతే అప్పుడు మార్పించండి, అదీ రిచ్ కారణం బాగు చేయించాకే. సగం ధరకి లోకల్ కన్వర్టర్ వేస్తామంటారు, వాటిలో విలువైన లోహపు పూత చాలా తక్కువ ఉంటుంది, ఏడాది తిరగకుండా పి0420 వచ్చినవి చూశాను. కొందరు ఇంకో అడుగు ముందుకేసి, లోపలి పింగాణీ పొడిచేసి ఖాళీ డబ్బా బిగిస్తాం, వాసన మాయమవుతుంది అంటారు. వాసన నిజంగానే పోతుంది. కానీ ఇంజిన్ వదిలే కార్బన్ మోనాక్సైడ్ మొత్తం మీ వెనక స్కూటర్ మీద వచ్చేవాళ్ల ముఖాన కొడుతుంది, పొల్యూషన్ పరీక్షలో బండి ఫెయిలవుతుంది, చట్టప్రకారం కూడా తప్పు. పైగా తీసిన పింగాణీలో పలాడియం, రోడియం ఉంటాయి, తుక్కు బజారులో దానికి మంచి ధర పలుకుతుంది. కన్వర్టర్ మార్పిస్తే పాత ముక్క మీరే అడిగి ఇంటికి తెచ్చుకోండి.

ఇదంతా తేలేవరకు బండి వాడుకోవచ్చు, రోడ్డు మీద మీ ముక్కుకి తగిలే హైడ్రోజన్ సల్ఫైడ్ చాలా కొద్ది మోతాదు. గాలిలో పది కోట్ల వంతుల్లో ఒక్క వంతు ఉన్నా చాలామంది ముక్కులు దాన్ని పసిగడతాయి. నేను భయపడేది వాసన లేనిదాని గురించి. రిచ్‌గా నడిచే బండి కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ వదులుతుంది, దానికి రంగూ వాసనా ఉండవు. అందుకని సెల్లార్‌లో స్టార్ట్ చేసి ఏసీ వేసుకుని కూర్చోవడం, పిల్లల్ని అందులో పడుకోబెట్టడం అస్సలు వద్దు. పైన చెప్పిన పరీక్షలు కూడా ఆరుబయటే చేయండి. డిక్కీ రబ్బరు చిరిగి ఉంటే పొగ లోపలికి వస్తుంది, అదీ ఒకసారి చూసుకోండి.

ముందుగా పొద్దుటి కూలెంట్, గాలి టెంపరేచర్లు, ఓఆర్‌ఆర్ మీద పది నిమిషాల తర్వాత కూలెంట్ అంకె, ఐడిలింగ్‌లోనూ 2500 దగ్గరా రెండు ట్రిమ్‌లు, పొల్యూషన్ వ్యాన్ ఫోటో పెట్టండి. హీటింగ్ రిపేరు బిల్లు దొరికితే అందులో థర్మోస్టాట్ అన్న మాట ఉందేమో కూడా చూసి రాయండి. ఆ అంకెలు చూశాక థర్మోస్టాటా, సెన్సరా, ఇంకేదైనానా అన్నది ఇక్కడే చెబుతాను. అప్పటిదాకా కన్వర్టర్‌కి అడ్వాన్స్ ఇవ్వకండి.